కొండపలకకు ఇంట్లోనే మరమ్మతు: ఏది చెయ్యొచ్చు, ఏది చెయ్యకూడదు

ఈ పేజీలో నేను ఎప్పుడూ రాసేది సంఘం సమావేశాల గురించి, ఆదివారం తెలుగు తరగతి గురించి, జనగణన వాళ్ళు ఇంటికి వచ్చినప్పుడు మాతృభాష గడిలో తెలుగు అని మరిచిపోకుండా రాయించమని. ఈసారి ఒక చక్రాల పలక గురించి రాస్తున్నాను. కార్యదర్శి గారికి అరవై దాటాక ఆటల మీద మనసు పోయిందా అనుకోకండి. ఇందులో చెప్పిన పనులు చాలావరకు మీ ఇంట్లో పిల్లల సైకిలుకూ, స్కేటింగు బూట్లకూ కూడా పనికొస్తాయి. నేను చేసిన ఒక తప్పు వల్ల మా మనవడి చెయ్యి విరిగింది. అదీ చెప్పాలి.

మాది హోసూరు. మా అబ్బాయి కుటుంబం బెంగళూరులో ఉంది. రెండేళ్ళ కింద మా అబ్బాయి ఆఫీసులో ఒకాయన ఇంగ్లండు నుంచి తిరిగొస్తూ మౌంటెన్‌బోర్డు ఒకటి తెచ్చుకున్నాడు. ఆయన పిల్లలు పెద్దవాళ్ళయి దాన్ని పట్టించుకోలేదు. తక్కువ ధరకు ఇస్తానంటే మా వాడు కొన్నాడు. అపార్టుమెంటులో దాన్ని ఆడే చోటు ఎక్కడిది? మా ఇంటి వెనక బీడుంది, కొంచెం వాలుంది, ఎర్రమట్టి నేల. పలక మా ఇంటికి చేరింది. దానితోపాటు ప్రతి శనివారం మా మనవడు కూడా. వాడికి పద్నాలుగేళ్ళు. వాడే దానికి కొండపలక అని పేరు పెట్టాడు. నేను ఆ పేరుతోనే రాస్తాను.

వచ్చిన రోజు దాని స్థితి ఇదీ. రెండు టైర్లలో గాలి లేదు. ఒక చక్రం తిప్పితే పిండిమర చప్పుడు. కాళ్ళ పట్టీలు పీలికలు. నేను తాలూకా ఆఫీసులో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి, మెకానిక్కును కాదు. కానీ మా కాలంలో సైకిలు ఉన్న ప్రతివాడూ పంచరు వేసుకోవడం, హబ్బు విప్పి గ్రీజు పెట్టుకోవడం నేర్చుకున్నవాడే. ఆ ధైర్యంతో మొదలుపెట్టాను.

ఈ పలక ఏమిటి

మంచు కొండల మీద స్నోబోర్డు అనే పలక మీద నిలబడి జారే ఆట ఉంది కదా. మంచు కరిగిపోయిన వేసవిలో కూడా అదే ఆట ఆడాలని అమెరికాలో, ఇంగ్లండులో, ఆస్ట్రేలియాలో 1990ల మొదట్లో కొందరు పలకకు గాలి టైర్లు బిగించారు. అమెరికాలో కొలరాడో రాష్ట్రంలో ఎం.బి.ఎస్. అనే సంస్థ 1993లో మొదలైంది. ఈ పలకలు తయారుచేసే పాత సంస్థల్లో అదొకటి. గడ్డి మీద, మట్టి మీద, గులకరాళ్ళ మీద పోతుంది. సముద్రపు ఒడ్డున పెద్ద గాలిపటం కట్టుకుని, అది లాగుతుంటే దీనిమీద పరుగెత్తేవాళ్ళు కూడా ఉన్నారు. కాబట్టి కొండ లేని యానాం వాళ్ళు నిరాశపడనక్కరలేదు.

సుమారు మీటరు పొడవున్న పలక, రెండు చివర్లా పైకి వంగి ఉంటుంది. చివర్ల కింద ఒక్కో ఇరుసు సామాను ఉంటుంది, దాన్ని ట్రక్కు అంటారు. ఇది లారీ ట్రక్కు కాదు, పేరు మాత్రం అదే. పలక మీద ఏ పక్కకు ఒరిగితే ఆ పక్కకు ట్రక్కు తిరుగుతుంది. అలా తిరగడానికి అందులో రబ్బరు దిమ్మలో స్ప్రింగులో ఉంటాయి. నాలుగు చక్రాలు, ఒక్కో చక్రానికి రెండు చొప్పున ఎనిమిది బేరింగులు. పైన కాళ్ళు పెట్టుకునే పట్టీలు. కొన్నిటికి చేత్తో పట్టుకుని నొక్కే బ్రేకు కూడా ఉంటుంది.

దీని విడిభాగాలు మన ఊరి అంగళ్ళలో అడిగితే దొరకవు. అందుకే చాలా ఇళ్ళలో చిన్న పంచరుకే ఇలాంటి వస్తువులు మూలపడతాయి. కానీ విప్పి చూస్తే సగానికి పైగా మనకు తెలిసిన సామానే. సైకిలు అంగడి, బేరింగుల అంగడి, చెప్పులు కుట్టేవాళ్ళ దగ్గర దొరికేదే.

దగ్గర ఉంచుకోవలసినవి

అల్లెన్ కీల సెట్టు ఒకటి, పానాలు, స్క్రూడ్రైవరు. మా వైపు దాన్ని తమిళంలోంచి తెచ్చుకుని తిరుప్పుళి అని కూడా అంటాం. గాలి పంపు, గాలి కొలిచే మీటరు, పంచరు ప్యాచీలు, సొల్యూషను, ఉప్పు కాగితం, అంటే గరుకు కాగితం. ఒక బేసిను నీళ్ళు, పాత పళ్ళ బ్రష్షు, కొంచెం కిరోసిను, గ్రీజు. నట్లు, వాషర్లు వేసుకోవడానికి ఒక పళ్ళెం. పళ్ళెంలో వాటిని విప్పిన వరుసలోనే పెట్టాలి. లేకపోతే బిగించాక ఒక వాషరు మిగిలిపోతుంది, అది ఎక్కడిదో ఎవరికీ తెలియదు. పని మొదలుపెట్టే ముందు ఫోనుతో ఒక ఫోటో తీసుకోవడం మా మనవడు నాకు నేర్పాడు. మంచి అలవాటు.

పంచరు

మొదటి ప్రమాదం ఇక్కడే ఉంది, కాబట్టి ముందు అదే చెబుతాను. సైకిలు చక్రంలో టైరును రిమ్ము మీదినుంచి లివరుతో లేపుతాం. కొండపలక చక్రం అలా కాదు. దాని హబ్బు చాలా రకాల్లో రెండు ముక్కలు. రెండిటినీ కలిపి బోల్టులు బిగించి ఉంటాయి. లోపల ట్యూబులో గాలి ఉండగా ఆ బోల్టులు విప్పితే, ఆఖరి మరలు వదిలే వేళకు ముక్కలు విసురుగా ఎగిరి ముఖానికి తగలొచ్చు. గాలి పూర్తిగా తీసేయాలి. వాల్వు పిన్ను నొక్కి పట్టుకుని, టైరును చేత్తో పిండి, చప్పుడు ఆగేదాకా తీయాలి. ఆ తర్వాతే పానా ముట్టుకోవాలి. పిల్లలకు మొదట నేర్పవలసింది ఇదే.

హబ్బు విడదీశాక ట్యూబు బయటికి తీసి, కొంచెం గాలి కొట్టి, నీళ్ళలో ముంచి బుడగలు చూడటం మనకు తెలిసిందే. చిల్లు దగ్గర గుర్తు పెట్టుకుని తుడిచి ఆరనివ్వాలి. ఉప్పు కాగితంతో రుద్ది, సొల్యూషను పలచగా పూసి, అయిదు నిమిషాలు ఆగాలి. వేలు ఆనిస్తే తడి అంటకుండా కాస్త జిగటగా మాత్రం ఉండాలి. అప్పుడు ప్యాచీ వేసి గట్టిగా నొక్కాలి. తడి ఉండగానే ప్యాచీ వేసేది తొందరపాటు. రెండోరోజుకు అది లేచిపోతుంది.

ప్యాచీ వేశాక టైరు లోపలి భాగాన్ని ఒక గుడ్డతో చుట్టూ తుడవండి. ముల్లు ఉంటే గుడ్డకు పట్టుకుంటుంది. వేలితో తడిమితే వేలికే దిగుతుంది. మా బీడులో సర్కారు తుమ్మ ముళ్ళు ఎక్కువ. మొదటిసారి ముల్లు తీయకుండా టైరు ఎక్కించాను. అరగంటలో మళ్ళీ అదే పని.

తిరిగి ఎక్కించేటప్పుడు ట్యూబుకు గుండ్రంగా నిలబడేటంత కొంచెం గాలి కొట్టి టైరులో పెట్టాలి. హబ్బు రెండు ముక్కల మధ్య ట్యూబు నలగకుండా చుట్టూ చూడాలి. కొత్తవాళ్ళు ఎక్కువగా చేసే తప్పు ఇదే. బోల్టులు ఒక్కొక్కటి పూర్తిగా బిగించుకుంటూ పోకూడదు. అన్నిటినీ కొంచెం కొంచెంగా, ఒకటి బిగించి దానికి ఎదురుగా ఉన్నది బిగిస్తూ రావాలి. ప్లాస్టిక్కు హబ్బయితే మరీ బలం పెడితే మర చెడుతుంది.

ట్యూబు పూర్తిగా పాడైతే? టైరు పక్కన అచ్చు వేసిన కొలత చదవండి. 8 అంగుళాల చక్రాలకు చాలావాటి మీద 200×50 అని ఉంటుంది. చిన్న ఎలక్ట్రిక్ స్కూటర్లు, పిల్లలు నిలబడి తొక్కేవి, కొన్నిటికి ఇదే కొలత. కాబట్టి వాటి విడిభాగాలు అమ్మేచోట అడగండి. వాల్వు నిటారుగా ఉందా, వంగి ఉందా అని కూడా పాతదానితో పోల్చి చూసుకోండి. హబ్బులో చోటు తక్కువ కాబట్టి కొన్నిటికి వంగిన వాల్వే పనికొస్తుంది.

గాలి ఎంత

ఈ ట్యూబుల వాల్వు సాధారణంగా స్కూటరు, కారు వాల్వు రకం. మన పాత నల్ల సైకిలు పంపు నేరుగా పట్టదు. మొన మార్చుకోవాలి. పెట్రోలు బంకులో కొట్టించుకుందామని పోకండి. అక్కడి యంత్రం కారు టైరుకు సరిపోయేది. ఇంత చిన్న ట్యూబు రెండు సెకన్లలో నిండిపోయి పేలుతుంది. చేతి పంపే మంచిది.

టైరు పక్కన పి.ఎస్.ఐ. అని గరిష్ఠ అంకె ఉంటుంది. షాపుల్లో పాయింట్లు అంటారు. దాన్ని దాటకూడదు. అంతదాకా కొట్టాలని కూడా లేదు. గాలి ఎక్కువైతే పలక వేగంగా పోతుంది, కానీ రాళ్ళ మీద ఎగురుతుంది. తక్కువైతే పట్టు బాగుంటుంది, కొత్తవాళ్ళకు వేగం అదుపులో ఉంటుంది. మరీ తక్కువైతే రాయి మీద పడ్డప్పుడు ట్యూబు నలిగి పాము కాటులా రెండు చిల్లులు పడతాయి. మా మనవడికి మేం 25 దగ్గర పెడుతున్నాం. నాలుగు చక్రాలకూ ఒకే అంకె ఉండాలి.

బేరింగులు

చక్రాన్ని పైకెత్తి తిప్పి, పలకకు చెవి ఆనించి వినండి. గరగరమంటే లోపల మట్టి చేరినట్టు. చక్రాన్ని పట్టుకుని అటూ ఇటూ ఊపండి. నట్టు సరిగ్గా ఉండి కూడా ఊగుతుంటే బేరింగు అరిగినట్టు.

మట్టి మాత్రమే అయితే శుభ్రం చేసుకోవచ్చు. బేరింగు పక్కనున్న రబ్బరు మూతను సన్నని సూదితో అంచు దగ్గర జాగ్రత్తగా లేపి, కిరోసినులో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, లోపలి ఖాళీలో మూడోవంతు గ్రీజు పెట్టి మూత నొక్కేయాలి. నిండా కూరితే చక్రం బరువుగా తిరుగుతుంది. ఈ పని పొయ్యికి దూరంగా, ఆరుబయట చెయ్యాలి. నీళ్ళ పైపుతో చక్రాలను కడగడం మానండి. ఆ ఒత్తిడికి నీళ్ళు రబ్బరు మూత దాటి లోపలికి పోతాయి. గోపాలపూర్ లాంటి తీరాల్లో ఇసుకలో ఆడే పిల్లలుంటే, ఆడిన రోజే మంచినీళ్ళ తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టండి. ఉప్పు గాలికి నట్లు, బేరింగులు తొందరగా తుప్పు పడతాయి.

కడిగినా చప్పుడు పోకపోతే మార్చాలి. ఇరుసు మందం 12 మిల్లీమీటర్లయితే పని సులభం. దానికి పట్టేది 6001 నంబరు బేరింగు. లోపలి రంధ్రం 12, బయట 28, మందం 8 మిల్లీమీటర్లు. చిన్న మోటార్లలో కూడా వాడేదే కాబట్టి ఏ బేరింగుల అంగడిలోనైనా దొరుకుతుంది. నంబరు తర్వాత 2ఆర్ఎస్ అని ఉంటే రెండు వైపులా రబ్బరు మూతలున్నట్టు. మట్టిలో ఆడే దీనికి అదే కావాలి. కొన్ని పలకల ఇరుసు తొమ్మిదిన్నర మిల్లీమీటర్లే ఉంటుంది. దానికి 6001 వేస్తే బయట సరిపోతుంది, లోపల వదులు. రేకు ముక్క చుట్టి సర్దుదాం అనుకోకండి. ఆ కొలతవి తెప్పించుకోండి.

కొత్త బేరింగు హబ్బులోకి ఎక్కించేటప్పుడు సుత్తితో లోపలి రింగు మీద కొట్టకూడదు. ఆ దెబ్బ గుండ్ల మీద పడి కొత్తదే చెడిపోతుంది. బయటి రింగుకు సరిపోయే పైపు ముక్క ఒకటి ఆనించి, నిదానంగా, సమంగా నొక్కాలి.

నట్టు: నా తప్పు

చక్రం ఇరుసు నుంచి జారిపోకుండా చివర ఒక నట్టు ఉంటుంది. అది మామూలు నట్టు కాదు. లోపల నైలాను రింగు ఉంటుంది, నైలాక్ నట్టు అంటారు. ఆ రింగు మరలను గట్టిగా పట్టుకుని, ఎంత అదిరినా నట్టు వదులు కాకుండా చూస్తుంది. విప్పి బిగించిన కొద్దీ ఆ రింగు అరిగిపోతుంది. చేతి వేళ్ళతో తిప్పితే చివరిదాకా తిరిగిపోయిందంటే ఆ నట్టు పని అయిపోయినట్టే.

ఇది నాకు తెలియదు. బేరింగులు మార్చిన రోజు పాత నట్లే మళ్ళీ వేశాను. ఒక నట్టు వేళ్ళతోనే సులభంగా ఎక్కింది. బాగా గ్రీజు పెట్టాం కదా అందుకే అనుకుని సంతోషపడ్డాను. రెండు వారాలు ఏమీ కాలేదు. మూడో శనివారం వాలు మధ్యలో ముందు చక్రం ఊడి పక్కకు దొర్లిపోయింది. మనవడు ముందుకు పడ్డాడు. హెల్మెట్టు ఉంది కాబట్టి తలకు ఏమీ కాలేదు. మణికట్టు ఎముక విరిగింది. అయిదు వారాలు కట్టు.

కోడలు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అదే నాకు ఎక్కువ బాధగా అనిపించింది. మనవడు మాత్రం ఆస్పత్రిలో, "తాతా, ఆ నట్టు నువ్వు వేసిందేనా?" అని అడిగాడు. "నేను వేసిందేరా" అన్నాను. "సరే, ఈసారి నేను చూస్తా" అన్నాడు. 

కాబట్టి చెబుతున్నాను. కొత్త నైలాక్ నట్టు ఖరీదు ఒక టీ ఖరీదంత. వదులైనదాన్ని ఇంకోసారి వేయకండి. బిగించే పద్ధతి ఇదీ: చక్రం తిరగడం ఆగేదాకా బిగించి, అక్కడినుంచి పావు చుట్టు వెనక్కి తిప్పాలి. చక్రం స్వేచ్ఛగా తిరగాలి, ఊగకూడదు. నట్టు దాటి ఇరుసు మరలు ఒకటి రెండు బయటికి కనిపించాలి. కనిపించకపోతే నైలాను రింగు మరలను పట్టుకోలేదని అర్థం. అప్పుడు వాషర్లు ఎక్కువ పడ్డాయేమో చూడండి.

ట్రక్కులు

పలక సరిగ్గా తిరగడం లేదన్నా, మరీ తూలుతోందన్నా చూడవలసింది ట్రక్కుల్లోని రబ్బరు దిమ్మలనూ స్ప్రింగులనూ. బిగువు పెంచితే పలక నిలకడగా ఉంటుంది, మలుపు కష్టం. తగ్గిస్తే మలుపు సులభం, కానీ వేగంలో పలక గడగడ వణుకుతుంది. ఆ వణుకు మొదలైతే పిల్లలు నిలబడలేరు. నేర్చుకునేవాళ్ళకు కొంచెం బిగువుగా ఉండటమే మంచిది. ముందూ వెనకా ఒకే రకంగా సర్దాలి. సర్దినప్పుడు ఎన్ని చుట్లు తిప్పామో లెక్క పెట్టుకుంటే మళ్ళీ మొదటి స్థితికి తెచ్చుకోవచ్చు.

రబ్బరు దిమ్మ పగుళ్ళిస్తే, ఒకవైపు నలిగి చపటగా అయితే మార్చాలి. ఒకటి పోయినా జతగానే మార్చాలి. లేకపోతే పలక ఒకవైపుకే ఒరుగుతుంది. కీచుమని చప్పుడు మాత్రమే అయితే విప్పి, తుడిచి, రాపిడి చోట కొంచెం గ్రీజు పెడితే చాలు.

పలక, పట్టీలు, బ్రేకు

పలకలు కొన్ని పొరల చెక్కతో, కొన్ని ఫైబరుతో చేస్తారు. చెక్క పలకకు అంచు దగ్గర పొర కొంచెం విడితే ఇంట్లో అతికించుకోవచ్చు. బడి పిల్లలు వాడే తెల్ల జిగురు తడికి ఆగదు. రెండు ట్యూబులు కలిపి వాడే ఎపాక్సీ జిగురు కావాలి. విడిన చోట లోపలి దుమ్ము తీసి, జిగురు నింపి, రెండు చెక్క ముక్కల మధ్య క్లాంపుతో బిగించి ఒక రోజు కదపకుండా ఉంచాలి. తర్వాత అంచులకు వార్నీషు పూస్తే తడి దిగదు.

కాళ్ళ పట్టీలకు విదేశం నుంచి సామాను తెప్పించనక్కరలేదు. బస్టాండు దగ్గర చెప్పులు, సంచులు కుట్టే అతను మందమైన నైలాను పట్టీతో, వెల్క్రోతో మాకు కుట్టి ఇచ్చాడు. పాతదానికన్నా గట్టిగా ఉంది. వెల్క్రో పట్టు తగ్గితే ముందు పాత బ్రష్షుతో గీకి చూడండి. గడ్డి పోచలు, వెంట్రుకలు పోతే సగం వాటికి పట్టు తిరిగొస్తుంది. పట్టీ కాలిని కదలకుండా ఉంచాలి, కానీ పడబోయేటప్పుడు కాలు లాక్కోవడానికి వీలుండాలి. పట్టీలను పలకకు బిగించే స్క్రూలు అదురుకు వదులవుతాయి. నెలకోసారి చూడాలి.

బ్రేకు ఉన్న పలకకు వైరు సైకిలు వైరు లాంటిదే. పాతది తీసుకెళ్ళి చివరి గుండు ఆకారం పోల్చి కొనుక్కోవచ్చు. వైరు పోగుల్లో ఒక్కటి తెగినా మొత్తం మార్చండి.

మెరుగుపరచాలంటే ఏ వరుసలో

పలక బాగయ్యాక మనవడు పెద్ద చక్రాలు కావాలన్నాడు. పిల్లలందరూ ముందు అడిగేది అదే. నా వరుస వేరు. మొదట హెల్మెట్టు, మణికట్టు గార్డులు, మోకాలి, మోచేతి ప్యాడ్లు. మణికట్టు గార్డులు ముందే కొని ఉంటే మా ఇంట్లో ఆ అయిదు వారాలు ఉండేవి కాకపోవచ్చు. రెండోది మన నేలకు తగిన టైర్లు. మెత్తటి మట్టికి, గడ్డికి లోతైన గుబ్బలున్నవి, గట్టి నేలకు గుబ్బలు తక్కువున్నవి. మూడోది మంచి రబ్బరు మూతల బేరింగులు. నాలుగోది పిల్లవాడి బరువుకు తగిన రబ్బరు దిమ్మలు. ఏడాదికేడాది పిల్లల బరువు పెరుగుతుంది, కాబట్టి నిరుటి బిగువు ఈ ఏడాదికి చాలదు.

పెద్ద చక్రాలు ఆఖరికి. 9 అంగుళాలవి రాళ్ళను సులభంగా దాటుతాయి, నిజమే. కానీ బరువు పెరుగుతుంది, పలక ఎత్తు పెరుగుతుంది, ఎత్తు పెరిగితే నేర్చుకునేవాడికి నిలకడ తగ్గుతుంది. మలుపులో టైరు పలకకు రాసుకుంటుందేమో కూడా చూడాలి. మోటారు, లిథియం బ్యాటరీ బిగించే పని ఇంట్లో పెట్టుకోవద్దు. ఆ బ్యాటరీ తప్పుగా కలిపితే ఇల్లే అంటుకుంటుంది.

ఇంట్లో చెయ్యకూడనివి

మనవాళ్ళకు ఏదీ పారేయడం ఇష్టం ఉండదు. నాకూ అంతే. అయినా మనిషి బరువు మోసే భాగం విరిగితే అతికించకూడదు. పారేయవలసినవి ఇవి:

పలకకు రెండు కాళ్ళ మధ్య అడ్డంగా పగులు వస్తే, ట్రక్కు బోల్టుల చుట్టూ పగులు వస్తే జిగురుతో సర్దవద్దు. పలకను రెండు ఇటుకల మీద పెట్టి మధ్యలో పెద్దవాళ్ళు నిదానంగా కాలు మోపి చూడండి. కిటకిటమని చప్పుడొస్తే పగులు కనిపించకపోయినా అనుమానించాలి.

ఇరుసు వంగితే సుత్తితో కొట్టి సరిచేయవద్దు. ఒకసారి వంగి మళ్ళీ నిటారైన లోహం లోపల బలహీనపడి ఉంటుంది. మరోసారి చెప్పకుండా విరుగుతుంది.

ట్రక్కు అల్యూమినియం పోతలో చీలిక వస్తే వెల్డింగు షాపుకు పోవద్దు. గేటుకు వేసే వెల్డింగు దీనికి పనికిరాదు. కొత్తది తెప్పించుకోవాలి.

హెల్మెట్టు ఒకసారి గట్టి దెబ్బ తింటే, పైకి బాగానే ఉన్నా, లోపలి నురుగు నలిగి ఉంటుంది. మా మనవడి తలను కాపాడిన హెల్మెట్టును మేం మళ్ళీ వాడలేదు.

రిజిస్టరు

చెయ్యి విరిగాక నేను ఒక పని చేశాను. ముప్పై ఏళ్ళకు పైగా ఆఫీసులో చేసిన పనే అది. ఒక నోటుబుక్కుకు గీతలు కొట్టి రిజిస్టరు తయారుచేశాను. తేదీ, ఏ భాగం, ఏం చేశాం, ఎవరు చేశారు, ఎవరు సరిచూశారు. చివరి రెండు గడుల్లో ఒకే పేరు ఉండకూడదు. నేను బిగిస్తే వాడు చూడాలి, వాడు బిగిస్తే నేను చూడాలి. మొదట నవ్వాడు. ఇప్పుడు నేను సంతకం మరిచిపోతే వాడే పిలిచి పెట్టిస్తున్నాడు.

పలక ఎక్కే ముందు ప్రతిసారీ చూడవలసినవి అట్ట మీద రాసి గోడకు తగిలించాం. నాలుగు నట్లు, నాలుగు టైర్ల గాలి, చక్రాల ఊగుడు, ట్రక్కు బోల్టులు, పట్టీలు, పలక కింద పగుళ్ళు, హెల్మెట్టు బకిలు. మొత్తం అయిదు నిమిషాలు పట్టదు. ఆ రోజు నేను ఆ అయిదు నిమిషాలు పెట్టి ఉంటే నట్టు రెండు మరలు వదులైన సంగతి ముందే కనిపించేది.

ఇంకొక మాట. మా మనవడికి తెలుగు మాట్లాడటం వచ్చు, రాయడం రాదు. ఇంగ్లీషు, కన్నడం రాస్తాడు. ఆ రిజిస్టరు తెలుగులోనే ఉండాలని నేను పట్టుబట్టాను. మొదటి పేజీలో "నటు మరచాను" అని రాశాడు. మార్చాను అని రాయబోయి అలా రాశాడు. నేను దిద్దలేదు. చూస్తే ఆ రోజు నేను చేసింది కూడా అదే కదా. పదో పేజీకి వచ్చేసరికి ఒత్తులు, దీర్ఘాలు వాటంతటవే సర్దుకున్నాయి. తరగతిలో నల్లబల్ల మీద రాయించినప్పుడు ఆవులించే పిల్లవాడు, బేరింగు నంబరు పక్కన తెలుగులో వాక్యం రాస్తున్నాడు.

అందుకని సంఘం తరపున ఒక నిర్ణయం తీసుకున్నాం. ప్రతి నెలా రెండో ఆదివారం తెలుగు తరగతి అయ్యాక, సంఘం భవనం వరండాలో రెండు గంటలు మరమ్మతు పని. కొండపలకే కావాలని లేదు. సైకిలు, స్కేటింగు బూట్లు, చక్రాలున్న ఏ వస్తువైనా తీసుకురండి. పంపు, పానాలు, నీళ్ళ బేసిను మేం పెడతాం. ప్యాచీలు, నట్లు ఎవరివి వాళ్ళు తెచ్చుకోవాలి. పిల్లలు పెద్దవాళ్ళతో కలిసి రావాలి, పని పిల్లలే చేస్తారు, రిజిస్టరు తెలుగులో పిల్లలే రాస్తారు. బరంపురం, షోలాపూరు, బళ్ళారి సంఘాల వాళ్ళు కూడా ఈ పద్ధతి మీ ఊళ్ళో పెట్టి చూడండి. సైకిలు అంగడి నడిపి మానేసిన పెద్దవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. అడిగితే సంతోషంగా వస్తారు.

మా మనవడి కట్టు విప్పి చాలాకాలమైంది. మళ్ళీ పలక ఎక్కాడు. కోడలు మొదటి రోజు వాకిట్లో నిలబడి చూసింది. వాడు ఎక్కే ముందు నాలుగు నట్లూ ఒక్కొక్కటిగా వేలితో తిప్పి చూసి, తిరగలేదని ఆమెకు చూపించాడు. అప్పుడు ఆమె లోపలికి పోయింది.